పాలపళ్ళు ఊడేదాకా పాత బట్టలే

మా మనవరాలు ఏడాదిపాటు కొత్త బట్టలు కొననని ఒట్టు పెట్టుకుంది. దాని స్నేహితురాళ్ళు కూడా పెట్టుకున్నారట. ఉన్నవే జాగ్రత్తగా కట్టుకోవాలి, చినిగితే కుట్టుకోవాలి, ఒకరివి ఒకరు మార్చుకోవాలి. మొన్న ఆదివారం నా పాత నూలుచీర ఒకటి బీరువాలోంచి లాగి తెచ్చి, "అవ్వా, దీన్ని ఏం చేయచ్చు?" అని అడిగింది. చీరను కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. నడుమ పలచబడింది, అంచుల దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. నిలువునా నడిమికి చించి, అంచులు రెండూ కలిపి కుట్టమన్నాను. అట్లా చేస్తే పలచబడిన భాగం పక్కలకు పోతుంది, చీర ఇంకొన్నాళ్ళు వస్తుంది. అది నోరు తెరుచుకుని చూసి, "ఇదంతా నీకు ఎవరు నేర్పినారు?" అంది. ఆమె ఎవరో చెప్పాలంటే చాలా దూరం పోవాలి. అప్పుడు చెప్ప బుద్ధి కాలేదు.

పాలపళ్ళన్నీ ఊడేదాకా నా ఒంటిమీద కొత్త నూలుపోగు పడలేదు. ఇంట్లో లేమి ఉండేది, కాని కారణం అది కాదు. నాకు ముందు మా అమ్మకు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. ఒకరు పురిట్లో, ఒకరు పాకే వయసులో, ఒకరు మాటలొచ్చిన తరువాత పోయారు. అందుకని నేను పుట్టగానే మా అవ్వ, అంటే నాయన తల్లి, నన్ను చాటలో వేసుకుపోయి పెంటదిబ్బ మీద దొర్లించింది. తరువాత పక్కింటి దూదేకుల ఆమెకు చాటెడు తవుడుకు అమ్మేసింది. ఇది ఎవరికీ అక్కరలేని పిల్ల, తవుడు ఖరీదు తప్ప చేయని పిల్ల అని చావుకు తెలిసిరావాలన్నమాట. నాకు పెట్టిన పేరు కూడా ఆ తవుడుకు తగ్గట్టే ఉండేది. దాన్ని ఇక్కడ రాయను, బడిలో దాంతో పడిన తిప్పలు చాలు.

కొన్న ఆమె నన్ను మళ్ళీ మా అమ్మ చేతికే ఇచ్చి, "నా బిడ్డను సాకు మే" అందట. అప్పటినుంచి ఆమె నాకు పెద్దమ్మ, ఆమె మొగుడు పెద్దనాయన. వాళ్ళకు పిల్లలు లేరు. ఒప్పందం ఏమిటంటే, పాలపళ్ళన్నీ ఊడేదాకా నాకు పరాయి ఇళ్ళ పాత బట్టలే కట్టాలి. ఊడిన తరువాత అమ్మ చాటెడు తవుడు తిరిగిచ్చి నన్ను కొనుక్కోవాలి. ఆ రోజు పెద్దమ్మ తన చేత్తో నాకు కొత్త బట్ట తొడగాలి. కొన్న చెయ్యే తొడగాలి, వేరేవాళ్ళు తొడిగితే చెల్లదు. మా ఊళ్ళో ఇది ఎవరికీ వింతగా ఉండేది కాదు.

మా ఊరు గుత్తి కోట కొండ మసక మసకగా కనపడేంత దూరంలో ఉండేది. పెద్దనాయన దూది ఏకేవాడు. దూలానికి వేలాడదీసిన పెద్ద వింటికి దూదిని ఆనించి, కొయ్య గుండుతో తంతిని కొడుతూ ఉంటే టంయ్ టంయ్ మని రోజంతా మా ఇంట్లోకి వినపడేది. గడ్డం, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ దూది నుసితో తెల్లగా ఉండేవి. ఆయన అసలు వయసు నాకు ఎన్నడూ తెలియలేదు. ఎప్పుడూ దగ్గేవాడు. ఏకిన దూది కుప్పలో నేను దూకితే తిట్టేవాడు కాదు. "దూకు, దూకు, కట్టెకు బదులు నువ్వే చదును చేస్తాండావు" అని నవ్వి, మళ్ళీ దగ్గేవాడు.

పెద్దమ్మ బొంతలు కుట్టేది. అందువల్ల ఊళ్ళో ఉన్న పాత బట్టలన్నీ ఆమె ఇంటికే వచ్చేవి. వాటిలోంచి నాకు పనికొచ్చేవి ఏరి పక్కన పెట్టేది. శెట్టి గారింటి నుంచి వచ్చే బట్టలకు ఇంగువా మిరపకాయలూ కలిసిన ఘాటు ఉండేది. గానుగ వాళ్ళ ఇంటివి ఎన్ని ఉతుకులు ఉతికినా చెనక్కాయ నూనె వాసన కొట్టేవి. రెడ్డి గారింటి చీరలు పెట్టెలో వేసిన వేపాకుతో చేదుగా ఉండేవి. కళ్ళు మూసుకుని నా పావడ వాసన చూసి అది ఎవరింటిదో చెప్పేదాన్ని. నాతో ఆడుకునే పిల్లలు దీన్ని పందెంగా పెట్టి, ఓడిన వాళ్ళు బొరుగులు ఇచ్చేవాళ్ళు. బడిలో మాత్రం శెట్టి గారి అమ్మాయి అందరి ముందూ, "ఈ పావడ మా అక్కది. ఈడ చూడండి, మా ఇంటి చారు మరక" అని వేలు పెట్టి చూపించింది. నేను ఆ పిల్ల పలక పగలగొట్టాను. పంతులు నన్ను ఎండలో నిలబెట్టాడు.

సాయంత్రం పెద్దమ్మకు చెప్పుకుని ఏడిస్తే, ఆమె ఆ మరక వైపు చూసింది. "చింతపండు మరక. ఉతికినా పోదు. దాని మీద ఒక పువ్వు కుడదాం పా" అంది. పాత పావడలోంచే దారం లాగి కుట్టింది. ఏ గుడ్డకు చిరుగు పడితే ఆ గుడ్డ అంచులోంచి లాగిన దారంతోనే కుట్టాలనేది. బయటి దారం ఎంత మంచిదైనా వేరేగా కనపడుతుందనేది.

ఆమె బట్టను ముందు ఎండకు పట్టి చూసేది. తరువాత రెండు చేతులతో పట్టి చెవి దగ్గర ఒక్క గుంజు గుంజేది.

"వింటివా? బలమున్న గుడ్డ టప్పుమంటాది. సచ్చిన గుడ్డ సప్పుడు చెయ్యదు."

"సచ్చిన గుడ్డను ఏం చేస్తారు పెద్దమ్మా?"

"బొంతలో ఏస్తాం. ఆడ అది ఇంగా పదేండ్లు పని చేస్తాది."

ఉతకడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకోవాలి. ముతక బట్టలకు చౌడు మట్టి, రంగు బట్టలకు కుంకుడు. బండకేసి బాదితే చెయ్యి పట్టుకునేది. "కొడితే మురికితోపాటు గుడ్డ కూడా పోతాది. పిసుకు" అనేది. తిరగేసి నీడన ఆరేయాలి. ఎండ మురికి కంటే ఎక్కువ బట్ట తింటుందట. దండెం మీద రోజూ ఒకే మడత వేస్తే ఆ మడత దగ్గరే తెగుతుంది కాబట్టి మడత మార్చాలి. ఇట్లాంటివి ఆమె పాఠంలా చెప్పేది కాదు, పని చేస్తూ మధ్యలో ఒక మాట అనేది. నాకు ఇప్పటికీ చేతులే గుర్తు చేస్తాయి.

చెనక్కాయ బాగా పండిన ఒక ఏడు మా నాయన గుత్తి నుంచి తెల్ల మగ్గం బట్ట తెచ్చాడు. పావడకూ రవికకూ సరిపోయి ఇంకా మిగిలేంత. తెల్లదైతే చవక, నా రోజు వచ్చినప్పుడు రంగు వేసుకోవచ్చని ఎర్రరంగు పొట్లం కూడా తెచ్చాడు. పెద్దమ్మే దాన్ని జానలతో కొలిచి, "ఇది బో మంచి గుడ్డ" అంది. అమ్మ దాన్ని రేకు పెట్టెలో పెట్టి, పక్కనే చాటెడు తవుడు మూట కట్టి పెట్టింది. ఆ తవుడును ప్రతి పంటకూ మార్చేది. ఒక మధ్యాహ్నం అమ్మ లేనప్పుడు నేను పెట్టె తెరిచి ఆ బట్టను ఒక్క వేలితో తాకాను. తాకిన తరువాత భయం పట్టుకుంది. గాదె వెనక కూర్చుని చావు ఎటువైపు నుంచి వస్తుందోనని చూస్తూ కూర్చున్నాను. ఆకలైంది తప్ప ఏమీ కాలేదు. బయటికి వచ్చి ఊరిమిండి పచ్చడి నంజుకుని సంగటి తిన్నాను.

ఆ పంటే చివరి మంచి పంట. తరువాత వానలు పోయాయి. ముందు సంగటి ముద్ద చిన్నదైంది, తరువాత ముద్ద పోయి జావైంది, తరువాత బడి దగ్గర పెట్టిన గంజి కేంద్రానికి సత్తు గిన్నెలు పట్టుకుని పోయే రోజులు వచ్చాయి. బట్టలకు గంజి పెట్టడం మానేశారు. నాయన కరువు పనుల కింద వేస్తున్న రోడ్డుకు కంకర కొట్టడానికి పోయేవాడు. దూది లేదు, బొంతలు కుట్టించుకునే వాళ్ళు లేరు, పక్కింట్లో విల్లు చప్పుడు ఆగిపోయింది. పెద్దనాయన గోడకు ఆనుకుని దగ్గుతూ ఉండేవాడు.

ఒకరోజు మా అవ్వ పెట్టె వైపు చూసి, "ఆ తవుడు రొట్టె చేస్తే ఒక పూట గడస్తాది గదా" అంది.

"అది పిల్ల ఖరీదు. ముట్టుకోవద్దు" అంది అమ్మ.

"ఖరీదు నిలబెడతావు, పిల్లను ఎండబెడతావు."

అమ్మ పెట్టె మీద తిరగలి రాయి ఎత్తి పెట్టింది.

నా పళ్ళు ఊడుతూ వచ్చాయి. రోజూ నాలుకతో తోసి తోసి చూసుకునేదాన్ని. ఒకసారి పంటికి దారం కట్టి రెండో కొస మేకపిల్ల మెడకు కట్టాను. అది కదలకుండా నిలబడి నా వైపు చూసి దారం నమిలేసింది. ఆ ఎండాకాలం నడుమకు వచ్చేసరికి దవడలో ఒక్కటే మిగిలింది. అది కదిలేది కాని ఊడేది కాదు. అమ్మ రోజూ పొద్దున నా నోరు తెరిపించి చూసేది.

అట్లాంటి ఒక పొద్దున పెద్దనాయన చనిపోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడట. మేమంతా పరిగెత్తాం. అమ్మ పెద్దమ్మను పట్టుకుని గట్టిగా ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పెద్దనాయన గడ్డం నల్లగా ఉండడం అప్పుడే చూశాను. దూది నుసి లేక ఎన్నాళ్ళయిందో. ఆయన అంత ముసలివాడు కాదు.

పెద్దలు వచ్చి మిగతా ఏర్పాట్లు మాట్లాడుకున్నారు. ఎండ మండిపోతోంది, పొద్దు వాలకముందే పూడ్చాలి. మీద కప్పడానికి కొత్త తెల్ల గుడ్డ కావాలి. శెట్టి అంగట్లో గుడ్డలు అయిపోయి చాలా కాలమైంది.

"గుత్తికి పోయి తెచ్చేసరికి పొద్దు గూకుతాది" అన్నారు ఎవరో.

"ఊళ్ళో ఎవరింట్లోనన్నా కొత్త గుడ్డ ఉంటాదేమో చూడండప్పా" అన్నారు ఇంకెవరో.

అప్పటిదాకా ఏడుస్తున్న అమ్మ ఆ మాటతో ఆగింది. లేచి ఇంటికి వెళ్ళింది. కొంచెం సేపటికి నేనూ వెళ్ళాను. వీధి తలుపు వేసి ఉంది. పెరటి వైపు నుంచి లోపలికి పోతే, పొయ్యి మీద పెద్ద మట్టికుండ కాగుతోంది. తాగడానికి తెచ్చుకున్న కడవలు రెండూ ఖాళీగా పడి ఉన్నాయి. అమ్మ ఆ కుండలోంచి తెల్ల బట్టను కట్టెతో ఎత్తి, ముంచి, ఎత్తి, ముంచుతోంది. బట్ట అప్పటికే ఎర్రగా అయింది. అమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, ఏం చేస్తాండావు?"

"రంగేస్తాండా. కనపళ్ళేదా?"

"ఇప్పుడా?"

"నోరు మూసుకోని దండెం ఆ కొస పట్టుకో."

పట్టుకున్నాను. తడి బట్ట వేస్తుంటే ఎర్రనీళ్ళు నా కాళ్ళ మీద కారాయి, వేడిగా. రెండు పెరళ్ళకూ నడుమ నడుమెత్తు మట్టిగోడ ఉండేది. ఆ గోడ అవతలికి పెద్దమ్మ వచ్చి నిలబడింది. ఆమెకు పెట్టెలో బట్ట ఉన్న సంగతి తెలుసు, జానలతో కొలిచింది ఆమే. "మే" అని పిలిచింది. తరువాత దండెం వైపు చూసింది. అమ్మ చేతుల వైపు చూసింది. అమ్మ చేతులు వెనక్కి పెట్టుకోలేదు, తల దించుకోలేదు, అట్లాగే నిలబడింది. పెద్దమ్మ కొంగు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకోసం ఇన్నాళ్ళూ పాత బట్టలు ఇచ్చిన గడపలకే పోయి ఆయనకు తెల్లవి అడిగి తెచ్చారు. శెట్టి గారి పాత పంచె ఒకటి గట్టిగా ఉందని దాన్నే మీద కప్పారు. నేను దగ్గరగా నిలబడ్డాను. ఆ ఇంగువ వాసన నాకు తెలుసు.

సాయంత్రం కంకర పని నుంచి వచ్చిన నాయనకు అవ్వ చెప్పింది. నాయన చాలాసేపు అరుగు మీద కూర్చుని, లోపలికి వచ్చి, "ఇయ్యకపోతివా?" అన్నాడు.

"పిల్లకని పెట్టిన మొదటి బట్ట శవం మీదికి పోతే ఏమైతాదో నీకు తెల్దా?"

"అయినా..."

"ముగ్గుర్ని పంపించినా. ఇంగ పంపియ్యను. నన్నేమన్నా అనండి, నేను పంపియ్యను."

నాయన ఖాళీ కడవ ఒకటి ఎత్తుకుని బయటికి పోయాడు. ఆ రాత్రికి తాగునీళ్ళు గానుగ వాళ్ళ ఇంట్లో అడుక్కొచ్చుకున్నాం.

ఆ తరువాత అమ్మ ఆ ఇంటికి పోలేదు. చేతుల రంగు పోవడానికి బూడిదతో తోమింది, ఇసుకతో తోమింది. గోళ్ళ చుట్టూ అట్లాగే నిలిచింది. పావడా రవికా కుట్టి మడిచి, తవుడు మూట పక్కన పెట్టింది. ఇంతలో గుత్తి నుంచి పెద్దమ్మ తమ్ముడు వచ్చాడని, ఆమెను తీసుకుపోతాడని తెలిసింది. ఆమె పోతే నన్ను తిరిగి అమ్మేవాళ్ళు ఉండరు. కొన్న చెయ్యి తొడగకపోతే, ఇన్నేళ్ళు నడిపిందంతా నీళ్ళలో పోసినట్టే. అది అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. నా పన్ను ఇంకా ఊడలేదు.

"పోయి అడుగు" అన్నాడు నాయన.

"ఏ మొగం పెట్టుకోని అడగల్ల?"

బండి పక్కింటి ముందు నిలబడింది. సామాను పెద్దగా లేదు, విల్లు, రెండు బొంతలు, గిన్నెల మూట. అమ్మ మా గడప లోపల కూర్చుని బండి వైపు చూస్తోంది. ముఖంలో ఏమీ లేదు. నేను పక్కన కూర్చుని నాలుకతో పన్ను తోస్తున్నాను. అన్నీ ఎక్కించిన తరువాత పెద్దమ్మ బండి ఎక్కకుండా మా ఇంటి వైపు నడిచి వచ్చింది. అమ్మ లేచి నిలబడింది. పెద్దమ్మ అమ్మను చూడకుండా నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నోరు తెరు."

తెరిచాను.

"ఒకటి ఉండాది ఇంగా" అని, కొంగు వేలికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజింది. నోట్లో ఉప్పగా అయింది. ఊడిన పన్ను ఇంటి కప్పు మీదికి విసిరి, "తవుడు యాడ?" అంది.

అమ్మ మూట తెచ్చింది. పెద్దమ్మ విప్పి, పురుగులు ఊది, చేతిలోకి కొంచెం తీసుకుని చూసి, మళ్ళీ కట్టి చంకన పెట్టుకుంది. "సరిపాయ. నీ బిడ్డ నీది" అంది. నా ఒంటిమీది పాత రవిక, పాత పావడ విప్పింది. అవి ఆమెవి కాబట్టి మడిచి పక్కన పెట్టుకుంది. తరువాత అమ్మ చేతిలోంచి ఎర్ర పావడ తీసుకుంది. దాన్ని రెండు చేతులతో పట్టి అలవాటుగా ఒక్క గుంజు గుంజింది. టప్పుమంది. అమ్మ గోడ పట్టుకుంది. పెద్దమ్మ పావడ నా నడుముకు తొడిగి, బొందె బిగించి, "బిర్రుగా ఉండాదా?" అని అడిగింది. లేదన్నాను. రవిక తొడిగింది. తల మీద చెయ్యి పెట్టి, "అల్లా చల్లగా చూస్తాడు పో" అంది.

గడప దాటబోతూ అమ్మ వైపు తిరిగింది.

"మొదటి తూరి ఉప్పునీళ్ళలో నానబెట్టు మే. తొందరలో వేసిన రంగు. దిగుతాది, మిగతా బట్టలకంతా అంటుకుంటాది."

"సరేక్కా" అంది అమ్మ.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న చివరి మాటలు అవే. బండి కదిలింది. నేను కొత్త పావడతో వీధిలో నిలబడ్డాను. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన రోజు అది. ఎగురుతాననుకున్నాను, ఊరంతా తిరిగి చూపిస్తాననుకున్నాను. ఏమీ అనిపించలేదు. కాళ్ళకు బట్ట గరుకుగా తగులుతోంది, అంతే. అమ్మ లోపలి నుంచి పిలిస్తే పోయాను. గంజి తాగాను.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. అమ్మ చాలాకాలం బతికింది. గుత్తికి ఎన్నోసార్లు పోయింది, పెద్దమ్మ ఉండే వీధి ఆమెకు తెలుసు. ఒక్కసారీ ఆ వీధికి పోలేదు. పెద్దమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, కట్టెలు లోపలికి తోస్తూనే ఉంది. నాకు పిల్లలు పుట్టినప్పుడు వాళ్ళకు పుట్టిన రోజు నుంచే కొత్త బట్టలు వేశాను. అమ్మ ఒద్దనలేదు. కాని వేసిన ప్రతిసారీ లేచి బయటికి పోయేది.

నేను బతికాను. పళ్ళు మళ్ళీ ఊడే వయసు దాకా బతికాను. ఆ గుడ్డ ఇచ్చి ఉన్నా బతికేదాన్నే. ఆ సంగతి నాకు తెలుసు. అమ్మకు మాత్రం పోయేదాకా నేను బతికింది ఆ గుడ్డ ఇవ్వకపోవడం వల్లే. నేను ఎదురుగా వచ్చి నిలబడిన ప్రతిసారీ నన్ను కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి చూసి, తరువాత తన చేతులు చూసుకునేది.